మీకు తెలుసా? చెవి మిషన్‌ను పరీక్షించే పెట్టెకూ పరీక్ష పెట్టాలి

నాన్నకు సరిగా వినపడటం లేదని చెవి మిషన్ కొనిస్తాం. కొన్నాళ్లు పెట్టుకుని ఆయన దాన్ని తీసి బీరువాలో పడేస్తారు. ‘చప్పుళ్లే తప్ప మాట తెలియడం లేదురా’ అంటారు. మనమేమో ఆయన వయసును, మొండితనాన్ని తప్పు పడతాం. ఆ మిషన్ కంపెనీవాళ్లు చెప్పినట్టు పనిచేస్తోందా అని అడిగేవాళ్లు తక్కువ. అడిగితే జవాబు చెప్పే పరికరం ఉంది. లోపల స్పీకరు, మైకు, చుట్టూ ధ్వనిని పీల్చుకునే స్పాంజి ఉన్న మూత పెట్టె అది. ఆడియాలజిస్టులు దాన్ని టెస్ట్ బాక్స్ అంటారు. కాటా మీద తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉందా లేదా అని చూసే మనం, ఈ పెట్టె ఇచ్చే అంకెలకు ఏం ముద్ర ఉందో కూడా తెలుసుకోవాలి.

మీకు తెలుసా? టెస్ట్ బాక్స్‌ను సరిచూడటం 94 అనే అంకెతో మొదలవుతుంది.

ఆరోగ్యంగా ఉన్న చెవి వినగల అతి సన్నని ధ్వనికి ప్రమాణంగా 20 మైక్రోపాస్కళ్ల పీడనాన్ని తీసుకుని దాన్ని సున్నా డెసిబెల్ అన్నారు. ఆ లెక్కన సరిగ్గా ఒక పాస్కల్ పీడనం 94 డెసిబెళ్లవుతుంది. అరచేతిలో పట్టే క్యాలిబ్రేటర్ అనే పరికరం 1000 హెర్ట్జ్ దగ్గర ఎప్పుడూ ఇదే 94 డెసిబెళ్ల ధ్వనినిస్తుంది. కొన్ని 114 కూడా ఇస్తాయి. టెస్ట్ బాక్స్ మైకును దాని నోట్లో బిగుతుగా దూర్చి మీట నొక్కితే తెర మీద 94 రావాలి. 92 వచ్చిందంటే మైకు రెండు డెసిబెళ్లు తక్కువ వింటోందన్నమాట. సరిదిద్దకుండా ముందుకు పోతే ఆ రోజు పరీక్షించిన ప్రతి మిషన్ ఉన్నదానికన్నా బలహీనంగా కనిపిస్తుంది. పాపం, ఎవరో ఒకరు దాని శబ్దం ఇంకాస్త పెంచి పంపిస్తారు.

మీకు తెలుసా? కొన్ని క్యాలిబ్రేటర్ల లెక్క హైదరాబాద్‌లో ఒకలా, విశాఖలో ఒకలా ఉంటుంది.

ప్రయోగశాలల్లో పిస్టన్‌ఫోన్ అనే ఇంకో రకం క్యాలిబ్రేటర్ వాడతారు. అందులో చిన్న పిస్టన్లు ముందుకూ వెనక్కూ కదులుతూ 250 హెర్ట్జ్ దగ్గర 124 డెసిబెళ్ల ధ్వని పుట్టిస్తాయి. పిస్టను ఎంత కదులుతుందో ఖాయమే గానీ, అది నొక్కే గాలి పీడనం ఊరిని బట్టి మారుతుంది. సముద్ర మట్టానికి అయిదు వందల మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో వాతావరణ పీడనం దాదాపు 950 హెక్టోపాస్కళ్లు. సముద్రపు ఒడ్డున 1013. ఈ తేడా వల్ల హైదరాబాద్‌లో పిస్టన్‌ఫోన్ సుమారు అర డెసిబెల్ తక్కువ పలుకుతుంది. అందుకే దాంతోపాటు ఒక బారోమీటరు కూడా ఇస్తారు. దాని ముల్లు చూసి దిద్దుబాటు కలుపుకోవాలి. మామూలు వాడకానికి అర డెసిబెల్ పెద్దదేం కాదు. మైకులను సరిచూసే ప్రయోగశాలకు మాత్రం అది చాలా ఎక్కువ.

మీకు తెలుసా? ఈ గొలుసు చివర ఢిల్లీలో ఉంది.

క్లినిక్‌లో మైకును క్యాలిబ్రేటర్ సరిచూస్తుంది, దాన్ని ప్రయోగశాలలోని మైకు సరిచూస్తుంది. మరి ఆ మైకును? మన దేశంలో ఆ పని న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలది. అక్కడ మూడు మైకులను తీసుకుని, రెండేసి చొప్పున ఎదురెదురుగా పెట్టి, ఒకదాన్ని స్పీకరుగా, రెండోదాన్ని మైకుగా వాడతారు. మూడు జతల కొలతలు కలిపి లెక్కగడితే, ముందుగా తెలిసిన ధ్వని ఏదీ అవసరం లేకుండానే ప్రతి మైకు సున్నితత్వం తేలుతుంది. ధ్వనిశాస్త్రంలో నాకు అన్నిటికన్నా అందంగా అనిపించే ఉపాయం ఇదే.

మీకు తెలుసా? ప్రపంచంలో చెవి మిషన్లన్నిటినీ కొలిచే ‘చెవి’ పరిమాణం 2 ఘన సెంటీమీటర్లే.

చెవి మిషన్ శబ్దాన్ని విడిచేది గదిలోకి కాదు, చెవిలో అమరే మౌల్డు అనే అచ్చుకూ కర్ణభేరికీ మధ్య మిగిలిన చిన్న ఖాళీలోకి. అందుకని దాన్ని బయట గాలిలో కొలిస్తే ఫలితం రాదు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఫ్రెడరిక్ రోమనో 1942లో ఈ చిక్కుకు పరిష్కారంగా లోహపు గుంత ఒకటి వర్ణించాడు. ఒకవైపు చెవి మిషన్, రెండో వైపు మైకు, మధ్యలో 2 సీసీల గాలి. దాని పేరే 2 సీసీ కప్లర్. ఎనభై ఏళ్లు దాటినా కంపెనీల అంకెలు ఇప్పటికీ దీని మీదే వస్తున్నాయి.

అయితే మనిషి చెవి ఈ గుంతలాంటిది కాదు. మౌల్డు పెట్టాక మిగిలే ఖాళీ 2 సీసీల కన్నా తక్కువ, పైగా కర్ణభేరి లోహంలా గట్టిగా ఉండదు. కాబట్టి అదే మిషన్ అసలు చెవిలో ఎక్కువ శబ్దం చేస్తుంది. హెచ్చు పౌనఃపున్యాల్లో పెద్దవాళ్ల చెవిలోనే ఆ తేడా 10 డెసిబెళ్లు దాటుతుంది. ఈ లోటు తీర్చడానికి సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో యోజెఫ్ జ్విస్లాట్‌స్కీ 1970 ప్రాంతంలో చెవిని బాగా పోలిన కప్లర్ తయారుచేశాడు. ఆ తరవాత 1972లో నోల్స్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ కెమార్ అనే బొమ్మను తెచ్చింది. సగటు మనిషి కొలతలతో చేసిన తల, మొండెం, రబ్బరు చెవులు ఉన్న ఆ బొమ్మ చెవిలో ఇలాంటి కప్లరే ఉంటుంది. ఇన్ని వచ్చినా 2 సీసీ కప్లర్ నిలబడటానికి కారణం దాని సాదాతనమే. మైసూరులో కొలిచినా మ్యూనిక్‌లో కొలిచినా దాంతో ఒకే జవాబు వస్తుంది. చెవి వెనక పెట్టే మిషన్ రోగి చెవిలో ఎంత పలుకుతుందో అది చెప్పదు. మిషన్ ఆరోగ్యంగా ఉందో లేదో చెబుతుంది. ఆ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల వచ్చే చిక్కులు క్లినిక్‌లలో ఇప్పటికీ చూస్తుంటాం.

మీకు తెలుసా? పరీక్ష తప్పడానికి చాలాసార్లు కారణం పిసరంత పుట్టీ.

చెవి వెనక పెట్టే మిషన్‌కు ఒక రకం కప్లర్, చెవి లోపల దూర్చే మిషన్‌కు ఇంకో రకం. మొదటిదాన్ని 25 మిల్లీమీటర్ల పొడవు, సుమారు 2 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న ట్యూబుతో తగిలిస్తారు. ట్యూబు పొడవు మారితే గ్రాఫులోని శిఖరాలు పక్కకు జరుగుతాయి. ఏళ్ల తరబడి వాడి పసుపు రంగుకు తిరిగి గట్టిపడిన ట్యూబు ఎక్కడో చీలి ఉంటుంది. కంటికి కనపడదు.

చెవి లోపలి మిషన్‌కు ట్యూబు ఉండదు. దాని మూతిని కప్లర్ రంధ్రానికి ఎదురుగా పెట్టి చుట్టూ పుట్టీ అద్దుతారు. ఎక్కడైనా సందు మిగిలితే గాలితోపాటు బరువైన ధ్వనులు జారిపోతాయి, గ్రాఫు ఎడమవైపు, అంటే తక్కువ పౌనఃపున్యాల వైపు, దిగజారిపోతుంది. మిషన్ పాడైందని పొరబడి సర్వీసుకు పంపేస్తారు. పుట్టీ ఎక్కువైనా ముప్పే. అది మిషన్ మూతిలోకి దూరితే గ్రాఫు మొత్తం కింద పడుతుంది. మిషన్‌లో గాలి కోసం వదిలిన రంధ్రం ఉంటే పరీక్ష జరిగినంత సేపూ దాన్ని కూడా మూసెయ్యాలి. మరమ్మతుకు పంపే ముందు ట్యూబు మార్చి, పుట్టీ మళ్లీ అద్ది, ఇంకోసారి కొలవడం చేయి తిరిగిన టెక్నీషియన్ల అలవాటు.

మీకు తెలుసా? పెట్టెలో ఏమీ పరీక్షించకముందే పెట్టె తనను తాను ఒకసారి వింటుంది.

ఏ స్పీకరూ అన్ని శ్రుతులనూ ఒకే బలంతో పలకదు. పెట్టె గోడల నుంచి తిరిగొచ్చే ధ్వని ఒకచోట కలిసి పెరుగుతుంది, ఇంకోచోట రద్దవుతుంది. అందుకే ముందు లెవలింగ్ చేస్తారు. మిషన్ మైకు ఎక్కడుంటుందో అక్కడ పెట్టె తన మైకును ఉంచి, కింది నుంచి పై దాకా శ్రుతులన్నీ పలికించి, ఎక్కడ ఎంత దిద్దుకోవాలో గుర్తుంచుకుంటుంది. ఇక్కడ మిల్లీమీటర్లు కూడా లెక్కే. 8000 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే. లెవలింగ్ ఒకచోట చేసి మిషన్‌ను సెంటీమీటరు పక్కన పెడితే ‘స’, ‘ష’ల ధ్వనులుండే ప్రాంతం మొత్తం తప్పుగా కనిపిస్తుంది.

మీకు తెలుసా? నేటి డిజిటల్ మిషన్లు పరీక్ష ధ్వనిని శత్రువుగా భావిస్తాయి.

పాతకాలం మిషన్‌కు ఏ ధ్వని వినిపించినా పెంచి వదిలేది. ఇప్పటిది ఆలోచిస్తుంది. ఆగకుండా ఒకే స్థాయిలో మోగే ధ్వని మాట కాదు, ఫ్యాను హోరులాంటి రొద అనుకుని తగ్గించేస్తుంది. ఒకే శ్రుతి ‘కూ’ అని మోగితే అది తన ఈలే అనుకుని, దాన్ని చంపే ఏర్పాటు మొదలుపెడుతుంది. దాంతో బాగున్న మిషన్ పరీక్షలో తప్పుతుంది. అందుకే శ్రుతులతో కొలిచేటప్పుడు రొద తగ్గించే ఏర్పాటును, ఈలను అణిచే ఏర్పాటును ఆపాలి. ఇందుకోసం కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో టెస్ట్ మోడ్ పెడతారు.

కానీ మనిషి మిషన్‌ను వాడేది ఆ ఏర్పాట్లు పనిచేస్తుండగానే కదా! అందుకని మాటలాంటి ధ్వనితో కూడా కొలవాలి. ఏ భాష మాట? ఈ ప్రశ్నకు దొరికిన జవాబు చాలా బాగుంటుంది. ఇంగ్లిష్, అరబిక్, చైనీస్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్ భాషల్లో 21 మంది మహిళల చేత ఉత్తరపు గాలి, సూర్యుడు పోటీపడిన ఈసోపు కథ చదివించారు. ఆ రికార్డులను చిన్న చిన్న ముక్కలుగా కోసి, కలగలిపి కుట్టారు. నిమిషం పాటు సాగే ఆ ధ్వని వింటే ఎవరో మాట్లాడుతున్నట్టే ఉంటుంది, ఒక్క ముక్కా అర్థం కాదు. ఐఎస్‌టీఎస్ అని పిలిచే ఈ పరీక్ష ధ్వని వివరాలను 2010లో ప్రచురించారు. ఇప్పుడు అది అంతర్జాతీయ ప్రమాణంలో భాగం.

అందులో తెలుగు లేదే అనిపిస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన డెనిస్ బర్న్ బృందం 1994లో 12 భాషల మాటల శక్తి ఏ శ్రుతుల్లో ఎంతెంత ఉంటుందో పోల్చి చూసింది. మన పొరుగు నుంచి అందులో ఉన్నది సింహళం ఒక్కటే. భాషల మధ్య తేడాలు ఉన్నా, సగటున అవి చిన్నవేనని తేలింది. కాబట్టి మిషన్ ఎంత పెంచుతోందో చూడటానికి ఐఎస్‌టీఎస్ మనకూ సరిపోతుంది. తెలుగు మాట అర్థమవుతోందా అన్నది మాత్రం తెలుగులో మాట్లాడి చూడవలసిందే.

మీకు తెలుసా? కంపెనీ చెప్పిన అంకె దాటడానికి కూడా ఒక హద్దుంది.

1976లో వచ్చిన అమెరికా ప్రమాణం ఆన్సీ ఎస్ 3.22 నేటికీ సవరణలతో అమల్లో ఉంది. మిషన్‌ను పూర్తి బలానికి పెంచి 90 డెసిబెళ్ల ధ్వని వినిపిస్తే అది ఎంత గట్టిగా పలుకుతుందో మొదట చూస్తారు. ఆ శిఖరం కంపెనీ చెప్పిన దానికన్నా 3 డెసిబెళ్లకు మించి పెరగకూడదు. 1000, 1600, 2500 హెర్ట్జ్‌ల సగటు 4 డెసిబెళ్లకు మించి అటూ ఇటూ పోకూడదు. ఇదంతా మిగిలి ఉన్న వినికిడిని కాపాడటం కోసం. అతిగా పలికే మిషన్ చెవికి మేలు చెయ్యకపోగా కీడు చేస్తుంది.

2022 అక్టోబరు నుంచి అమెరికాలో చీటీ లేకుండా దుకాణంలో కొనుక్కునే చెవి మిషన్లకు అనుమతి వచ్చింది. వాటి గరిష్ఠ శబ్దానికి చట్టం పెట్టిన హద్దు 111 డెసిబెళ్లు, కొన్ని షరతులుంటే 117. ఈ అంకెలు కూడా 2 సీసీ కప్లర్ మీద కొలిచేవే. మన దగ్గర ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు కనీసం ఈ ఒక్క అంకె కోసమైనా వెతకాలి. గరిష్ఠ శబ్దం ఎంతో చెప్పని పరికరాన్ని చెవిలో పెట్టుకోవద్దని నా గట్టి అభిప్రాయం.

మీకు తెలుసా? మిషన్ సొంత రొదను కొలవాలంటే గదిలో ఫ్యాను ఆపాలి.

ఏ ధ్వనీ లేనప్పుడు కూడా మిషన్ సన్నగా ‘స్స్’ అంటుంది. ఈ కొలత తీసేటప్పుడు పక్క గదిలో ఏసీ, వీధిలో లారీ, పెట్టె ఉన్న బల్ల మీద కంప్యూటర్ ఫ్యాను అన్నీ లెక్కలోకి వచ్చేస్తాయి. తప్పు మాత్రం మిషన్ మీద పడుతుంది. మాట బొంగురుపోవడాన్ని 500, 800, 1600 హెర్ట్జ్‌ల దగ్గర విడిగా కొలుస్తారు. ‘మాట గరగరలాడుతోంది’ అని పెద్దవాళ్లు చెప్పే ఫిర్యాదు అంకెగా కనపడేది అక్కడే.

మీకు తెలుసా? పరీక్షలో అసలు బ్యాటరీ వాడకపోవడమే మేలు.

చెవి మిషన్ల జింక్ బ్యాటరీ గాలి తగిలితేనే పనిచేస్తుంది. రంగు స్టిక్కరు తీశాక కాసేపు ఆగాలి. వెంటనే పెట్టి కొలిస్తే అంకెలు తక్కువొస్తాయి. అందుకే బ్యాటరీ ఆకారంలోనే ఉండే బిళ్లను మిషన్‌లో పెట్టి, తీగ ద్వారా టెస్ట్ బాక్స్ నుంచే 1.3 వోల్టులిస్తారు. మిషన్ ఎంత కరెంటు తాగుతోందో కూడా అదే చెబుతుంది. నారింజ స్టిక్కరుండే 13 సైజు బ్యాటరీలో సుమారు 300 మిల్లీఆంపియర్ గంటల శక్తి ఉంటుందనుకుందాం. మిషన్ ఒకటిన్నర మిల్లీఆంపియర్ తీసుకుంటే 200 గంటలు, రోజుకు పన్నెండు గంటల చొప్పున పదహారు రోజులు రావాలి. నాలుగు రోజులకే అయిపోతోందంటే బ్యాటరీల కొట్టు మార్చే ముందు ఈ పరీక్ష చేయించాలి.

మీకు తెలుసా? పసిబిడ్డ చెవిలో అదే మిషన్ 20 డెసిబెళ్ల దాకా ఎక్కువ మోగగలదు.

చంటిపిల్లల చెవి నాళం చాలా చిన్నది. ఖాళీ తగ్గేకొద్దీ పీడనం పెరుగుతుంది. కప్లర్ మీద 100 చూపించిన మిషన్, హెచ్చు శ్రుతుల్లో ఆ బిడ్డ కర్ణభేరి దగ్గర 115, 120 చూపించవచ్చు. బిడ్డ ‘గట్టిగా ఉంది’ అని చెప్పలేదు. ఈ తేడాను ఒకసారి ఆ బిడ్డ చెవిలో కొలిచి, దాన్ని కప్లర్ అంకెలకు కలుపుకుంటూ మిగతా పని పెట్టెలోనే చేసే పద్ధతిని కెనడాలోని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో రిచర్డ్ సీవాల్డ్ బృందం తీర్చిదిద్దింది. కదలకుండా కూర్చోలేని పిల్లలకు ఇంతకన్నా మంచి ఉపకారం ఈ రంగంలో జరగలేదనుకుంటాను.

ఆ కొలతకు వాడేది సన్నని సిలికాన్ గొట్టం తగిలించిన మైకు. పెద్దవాళ్లలో ఆ గొట్టం కొస కర్ణభేరికి 5, 6 మిల్లీమీటర్ల దూరంలోకి వెళ్లాలి. అంత సన్న గొట్టం హెచ్చు శ్రుతులను మింగేస్తుంది. అందుకని చెవిలో పెట్టే ముందు గొట్టం కొసను పక్కనున్న రెండో మైకు ముఖం దగ్గర ఆనించి, స్పీకరు ముందు పట్టుకుని, గొట్టం చేసే మార్పును లెక్కల్లోంచి తీసేయిస్తారు. గొట్టం మార్చిన ప్రతిసారీ ఇది చెయ్యాలి. చెయ్యకపోతే తెర మీద గీత నున్నగా, నమ్మకంగానే కనిపిస్తుంది. తప్పు అని చెప్పే గుర్తేదీ ఉండదు.

మీకు తెలుసా? ఆడియోమీటర్‌లో నాలుగు డెసిబెళ్ల తప్పు ఒకరి హక్కును మార్చగలదు.

మిషన్ ఎంత పెంచాలో తేల్చేది వినికిడి పరీక్ష. ఆ పరీక్ష చేసే ఆడియోమీటర్‌కు ఏడాదికోసారి క్యాలిబ్రేషన్ తప్పనిసరి. దాని హెడ్‌ఫోన్‌ను 6 సీసీ కప్లర్ మీద బోర్లించి, పైన 500 గ్రాముల బరువు పెట్టి కొలుస్తారు. మీటరు మీద సున్నా పెట్టినా కప్లర్‌లో సున్నా రాదు. టీడీహెచ్-39 రకం హెడ్‌ఫోన్‌కైతే 1000 హెర్ట్జ్ దగ్గర 7, 250 హెర్ట్జ్ దగ్గర 25.5 డెసిబెళ్లు రావాలి. మన చెవి బరువైన ధ్వనులకు మందం కాబట్టి సున్నా గీతే అలా వంగి ఉంటుంది. చాలా శ్రుతుల దగ్గర 3 డెసిబెళ్ల తేడా వరకే ప్రమాణం ఒప్పుకుంటుంది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ మాట వినే శ్రుతుల్లో 70 డెసిబెళ్ల లోపం ఉంటే చెవుడు, 60 నుంచి 70 దాకా ఉంటే వినికిడి లోపం. వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరానికి తెల్లవారకముందే బయల్దేరి వచ్చి వరసలో నిలబడ్డ మనిషికి ఆడియోమీటర్ ఇచ్చే అంకె ఆధారంగా శాతం వేస్తారు. వాడి వాడి అరిగిన హెడ్‌ఫోన్ నాలుగు డెసిబెళ్లు అటూ ఇటూ పోతే 58 కాస్తా 62 అవుతుంది, 62 కాస్తా 58 అవుతుంది. అర్హుడు వెనక్కి వెళ్లవచ్చు. ఆ మనిషికి తన చెవి మీద అనుమానం వస్తుందే తప్ప హెడ్‌ఫోన్ మీద రాదు. ప్రతి శిబిరంలో ఆడియోమీటర్ క్యాలిబ్రేషన్ తేదీని బల్ల మీద అందరికీ కనపడేలా పెట్టాలి. పైసా ఖర్చు లేని పని ఇది.

మీకు తెలుసా? మంచి క్లినిక్‌లో ఎవరికీ అమ్మని మిషన్ ఒకటి ఉంటుంది.

దాన్ని ప్రతి వారం అదే కప్లర్‌తో, అదే అమరికలతో కొలిచి గ్రాఫును దాచుకుంటారు. ఈ వారం గీత పోయిన వారం గీత మీద సరిగ్గా కూర్చుంటే పెట్టె బాగున్నట్టే. జరిగితే క్యాలిబ్రేటర్ బయటికి తియ్యాలి.

మీకు తెలుసా? ఇంట్లో పరీక్షకు ఆరు ధ్వనులు చాలు.

బధిర విద్యలో పేరుపొందిన డేనియల్ లింగ్ సూచించినవి ఇవి: ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. బరువైన శ్రుతుల నుంచి పలుచని శ్రుతుల దాకా మాట పరిధినంతా ఇవి దాదాపు తడుముతాయి. పెద్దాయన వెనక నిలబడి, పెదవులు కనపడకుండా, మామూలు గొంతుతో ఒక్కొక్కటీ అనండి. ఏది వినిపించిందో తిరిగి చెప్పమనండి. నిన్నటి దాకా పలికిన ‘స్’ ఇవాళ వినపడకపోతే మిషన్ మూతిలో గులిమి అడ్డుపడిందేమో ముందు చూడండి. అప్పటికీ వినపడకపోతే క్లినిక్‌కు తీసుకెళ్లండి.

వెళ్లినప్పుడు మూడు అడగండి. టెస్ట్ బాక్స్‌లో ఈ మిషన్ గ్రాఫు ఒకసారి తీసి కాగితం మీద ఇవ్వండి. మా నాన్న చెవిలో గొట్టం మైకు పెట్టి కొలవండి. మీ పరికరాలను చివరిసారి ఎప్పుడు క్యాలిబ్రేట్ చేయించారో చూపించండి. మొహమాటపడకండి, తన పనిని ప్రేమించే ఆడియాలజిస్టు ఈ ప్రశ్నలకు సంతోషిస్తారు. మొదటి రోజు ఇచ్చిన గ్రాఫు కాగితాన్ని వారంటీ కార్డుతో కలిపి దాచండి. మిషన్ పలుకు మారిందో, చెవే మారిందో వచ్చే ఏడాది తేల్చేది ఆ కాగితమే.